పక్క బ్రేకు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు పోయాక ఆయన పాత కారు మేం కొన్నాం. పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది.

"దాన్ని పీకించకండి. నాన్న జీవితమంతా దానిమీదే కాలు పెట్టుకుని కూర్చున్నారు" అంది ఆయన కూతురు.

బండి బంగారం. కానీ నేను కాస్త జోరుగా మలుపు తిప్పితే చాలు, పక్క బ్రేకు పడేది.

"నీ కాలు ఊరుకోదా?" అని మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మధ్యలో నన్నంటారేం?" అనేది.

ఇవాళ సందు మలుపులో లారీ ఎదురొచ్చింది. నేను చూసేలోపే కారు జానెడు దూరంలో ఆగిపోయింది.

"బతికించావే!" అంటూ పక్కకి తిరిగాను.

సీట్లో మఠం వేసుకుని నిద్రపోతున్న మా ఆవిడ అప్పుడే ఉలిక్కిపడి లేచింది. కింద, అణిగి ఉన్న బ్రేకు మెల్లగా పైకి లేచింది.

"చూసుకోలేదు, మాస్టారూ" అన్నాను.