ఆరువందల గ్రాములు

"ఇంతకన్నా తేలికైంది లేదా అక్కా?"

ఆ మనిషి ఆ మాట అడగడం అది నాలుగోసారి. ఫిలోమెనా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అతన్ని తేరిపార చూసింది. పేరు కాసియన్ అన్నాడు. పక్క లోయట. నలభై అయిదు దాటి ఉంటాయి. బక్కపల్చటి మనిషి, బుగ్గలు లోపలికి పోయాయి.

ఇటలీ ఉత్తరపు కొండల్లోని బ్రూనెక్‌లో ముప్ఫై ఏళ్లుగా ఆమెది స్కీల కొట్టు. లిఫ్టుల జోలికి పోకుండా సొంత కాళ్లతో కొండెక్కి, మంచు మీద జారుతూ దిగేవాళ్లే ఆమె దగ్గరికొస్తారు. వాళ్లందరిదీ ఒకటే పిచ్చి. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగు ఎంత తేలికైతే అంత మంచిది. ఎక్కేటప్పుడు అడుగడుగుకీ దాన్ని కూడా ఎత్తాలి కదా.

"ఇదిగో, నూటపది గ్రాములు. పందేలకి పోయేవాళ్లు వాడతారు."

కాసియన్ దాన్ని పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొహం విప్పారింది. "ఇదే ఇచ్చెయ్యి."

"ఆగు నాయనా. నీ బరువెంత?"

"తొంభై ఎనిమిది."

ఫిలోమెనా ఫక్కున నవ్వింది. "ఎవరూ, నువ్వే? తడిపి తూచినా అరవై అయిదు దాటవు."

"వీపు మీద బరువుతో కలిపి."

ఆమె నవ్వు ఆగిపోయింది. ముప్ఫై మూడు కిలోలు. అంత మోసుకుని ఎవరూ కొండెక్కరు.

"అయితే ఇది నీకు పనికిరాదు," అని బైండింగు వెనక్కి లాక్కుంది. "పడ్డప్పుడు ఇది బూటుని వదలకపోతే కాలు విరుగుతుంది. వదలకూడనప్పుడు వదిలితే ప్రాణమే పోతుంది. దీని స్ప్రింగు మామూలు మనిషి బరువుకి బిగించి వస్తుంది, మనం మార్చలేం. ఏటవాలు మీద టప్పున ఊడిందంటే మూటతో సహా లోయలో తేలతావు."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పడలేదక్కా."

"పడ్డవాళ్లంతా ముందురోజు దాకా ఆ మాటే అన్నారు."

"బరువు ఎక్కువైందనే కదా తేలికది అడుగుతున్నాను."

"బరువు ఎక్కువైందనే కదా గట్టిది వాడమంటున్నాను."

 ఆమె కింది అరలోంచి ఇంకో జత తీసింది. ఒక్కోటి రెండువందల ఎనభై గ్రాములు. స్ప్రింగు కావలసినట్టు బిగించుకోవచ్చు. కాసియన్ వాడుతున్న పాతవి అయిదువందల ఎనభై.

"రెండు కాళ్లకీ కలిపి ఆరువందల గ్రాములు తగ్గుతుంది," అందామె.

"ఆరువందలు..." అతను గొణుక్కున్నాడు. "నిరుటికీ ఇప్పటికీ మూడు కిలోలు పెరిగింది."

"ఏటా పెంచుకుంటూ పోతున్నావా? సగం ఇంట్లో వదిలేసి పోరాదూ?"

"కుదరదు."

"పోనీ రెండుసార్లుగా మొయ్యి."

"అదీ కుదరదు."

"కొండమీద బసకి సామాన్లు చేరేసే తీగబండి ఉందిగా, అందులో పడెయ్యి."

"అడిగాను. దానికి రూలు ఒప్పుకోదన్నారు."

అప్పుడు వెలిగింది ఫిలోమెనాకి. ఆ బస పైనున్న కనుమ దాటితే అవతల ఆస్ట్రియా. తన తాత కూడా ఒకప్పుడు ఆ దారినే దొంగచాటుగా పొగాకు మోసినవాడే. గొంతు తగ్గించింది. "ఒక్కడివేనా?"

"ఇద్దరం వంతులేసుకునేవాళ్లం. పోయినేడు నుంచి నేనొక్కణ్ణే."

"ఈ ఏటికి మానెయ్యి."

"మాటిచ్చాను." కాసియన్ బల్ల మీద ఉన్న బైండింగుని అటూ ఇటూ తిప్పుతూ చెప్పుకుపోయాడు. "తాడు మార్చి సన్నది కొన్నాను. నా తిండి రెండు రొట్టెముక్కలకి దించాను. సంచికున్న జేబులు కోసేశాను. నేనే అయిదు కిలోలు తగ్గాను. ఇంకా తగ్గుదామంటే మోకాళ్లు వణుకుతున్నాయి. ఇక తగ్గించడానికి నా దగ్గరేం మిగల్లేదక్కా."

"ఆశకి అంతుండాలయ్యా!" కసిరిందామె. "నీ మోకాళ్లు ఏమైపోయినా ఫరవాలేదు, మూట మాత్రం పెరగాలి, అంతేనా?"

అతను తల దించుకున్నాడు. "పెరగాలి," అన్నాడు.

"వచ్చే ఏడు ఏం చేస్తావు?"

కాసియన్ అరల వైపు చూశాడు. ఎందుకో తెలీకుండానే ఆమె కూడా అటే చూసింది. నేల నుంచి కప్పు దాకా సరుకు పేర్చి ఉంది. అంత కొట్టులోనూ ఈ మనిషికి మూడు కిలోలు తగ్గించే వస్తువు ఒక్కటి లేదు.

"సరే, ఇవి బిగిస్తాను," అంది చివరికి, స్క్రూడ్రైవర్ తీసుకుంటూ. "కానీ నోటిలెక్క నమ్మి బిగించను. నీ మూట ఎక్కడుంది?"

"కారులో."

"తెచ్చుకో. వీపున తగిలించుకుని ఆ తూకం మీద నిలబడు."

కాసియన్ తటపటాయించాడు. "ఇక్కడికా? ఇప్పుడా?"

"అందులో ఏముందో నేనడగను. ఎవరికీ చెప్పను. సరేనా?"

అతను బయటికి వెళ్లాడు. చాలాసేపే పట్టింది. ఫిలోమెనా తూకం మీద దుమ్ము తుడిచి, వీధి వైపు తెర లాగింది. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి.

కాసియన్ లోపలికొచ్చి తూకం మీద నిలబడగానే, అతని వీపున చట్రంలో కూర్చున్న పన్నెండేళ్ల కూతురు, చచ్చుబడ్డ కాళ్లు రెండూ నాన్న నడుముకి కట్టేసి ఉండగా, భుజం మీంచి మెడ చాచి ముల్లు నూరు దగ్గర ఆగడం చూసి, "రేపట్నించి నేను ఒంటిపూటే తింటాలే నాన్నా," అంది.