చెలిమె దగ్గర శనివారం

సుంకులమ్మను చంపింది పైవూరివాళ్ళు. వాళ్ళు వాగులో కలిపిన విషం తాగబట్టే ఆమె పోయింది. ఈ సంగతిలో ఆమె మొగుడు ఓబులేసుకు ఏడేళ్ళుగా అనుమానమే లేదు.

ఇప్పుడు ప్రతి బడికీ ఒక వాగును అప్పగించారు. శనివారం శనివారం పిల్లలు ఇసుకలో కడ్డీలు గుచ్చుతారు. ఏ ఏట ఏ చేనికి కొట్టిన పురుగుమందు నీళ్ళలో కలిసిందో కడ్డీ మీద అక్షరాలు పడతాయి.

ఆ శనివారం ఓబులేసు ఏడో తరగతి లిఖితను, వాగు ఇసుకలో భార్య తాగేనీళ్ళు ముంచుకున్న చెలిమె గుంట దగ్గరికి తీసుకుపోయాడు.

"గుచ్చు పాపా. పైవూరోళ్ళ పేరు రానీ. పంచాయతీలో వాళ్ళ మొగాన కొడతా."

లిఖిత కడ్డీ గుచ్చి, అక్షరాలు రెండుసార్లు చదువుకుంది.

"పైవూరిది కాదు తాతా. నీ చేని మందే."

"నా చేను దిగువన ఉండాది. నీళ్ళు ఎగువకు పారతాయా? నీ కడ్డీకి మతి పోయినాది."

"మందు కొట్టే పంపు యాడ కడుగుతాంటివి తాతా?"

ఓబులేసు తల తిప్పాడు. చూపు చెలిమెకు పది బారల ఎగువనున్న బండ మీదికి పోయింది. చేని దగ్గర నీళ్ళు బురదని ఇరవై ఏళ్ళు ఆ బండ మీదే పంపు కడిగాడు. ఆయన కడుగుతుండగానే సుంకులమ్మ సద్దిమూట అందించి, కిందికి దిగి బిందె ముంచుకునేది.

"బడి కాగితంలో ఎవరివల్ల అని ఒక గడి ఉండాది. ఏం రాయాల?" లిఖిత మెల్లగా అడిగింది.

"నా పేరు రాయి. ఇంక నేను చచ్చేదాకా ఈ మాట నా కాడ ఎవురూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."