కౌగిలింత లేని రంగం

"ఆఖరి రంగంలో మీరిద్దరూ కౌగిలించుకోవాలి," అన్నాడు దర్శకుడు.

నా మనవణ్ణి తుపాకీతో కాల్చి చంపిన సంగతి మా పేటవాళ్లు నాటకంగా వేస్తున్నారు. వాడి అమ్మమ్మగా నన్నే నిలబెట్టారు. కాల్చినవాడి తల్లిగా వాడి కన్నతల్లే, మా పేట దర్జీ ఆవిడ, చేస్తోంది. ఈ నాటకంలో రాసిచ్చిన మాటలు ఉండవు. ఎవరికి తోచింది వాళ్లు అనాలి. రోజూ రిహార్సల్లో ఆవిణ్ణి నిలువునా కడిగేస్తున్నాను.

"కౌగిలీ లేదు, గాడిద గుడ్డూ లేదు. దాన్ని ముట్టుకోమంటే ఇప్పుడే ఇంటికి పోతాను."

"అరగంటా తిట్లేనా పెద్దమ్మగారూ? చూసేవాళ్లకి కాస్త ఊరట ఉండాలి కదా."

"ఊరట కావలసినవాళ్లని బయటికెళ్లి మంచినీళ్లు తాగమను."

తలవంచుకుని కూర్చున్న దర్జీ ఆవిడ అప్పుడు నోరు విప్పింది.

"తిట్లు తీసెయ్యకండి బాబూ. మావాడు జైలుకి పోయినప్పటినుంచీ నా కొట్టు గడప ఎవరూ తొక్కట్లేదు. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుంటారు. నా కళ్లలోకి చూసి మాట్లాడేది ఈవిడొక్కరే."

దర్శకుడు నావైపు చూశాడు. నేను ఆమెవైపే చూశాను.

"రేపు అయిదింటికల్లా వచ్చెయ్," అన్నాను. "నీ కొడుకు గురించి నేననవలసింది ఇంకా సగం కూడా కాలేదు."