లిల్లీ తప్పులు

"లిల్లీ ఇక ఒక్కత్తే చేసుకోగలదా లేదా అని మిమ్మల్నే అడుగుతారండి," అన్నాడు మేనేజరు ప్రభాకరరావు, ఎలీసమ్మ మొహంలోకి చూడకుండా. "చేసుకోగలదని మీరంటే మీ సీటు తీసేస్తారంట. చేసుకోలేదంటే లిల్లీని తీసేస్తారంట. ఇద్దరూ అక్కర్లేదంటున్నారు."

"ఎప్పుడడుగుతారండి?"

"మధ్యాహ్నం మూడింటికి. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి సుధీర్ గారు బయల్దేరేరు. మీరు ఉన్నమాట చెప్పండి, చాలు."

ఎలీసమ్మ గది బయటికి నడిచింది. వచ్చి తన సీట్లో కూర్చుంది.

అమలాపురంలో ఒక బట్టల కొట్టు మీద మేడలో ఉంది ఆ ఆఫీసు. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి పంపిన మాటలు విని టైపు చెయ్యడం అక్కడి పని. ఏడాదిగా ఎలీసమ్మ పని కాస్త మారింది. లిల్లీ అనే కొత్త పిల్ల ముందుగా టైపు చేసి పంపుతుంది, ఎలీసమ్మ వింటూ ఆ తప్పులు దిద్దుతుంది. లిల్లీ ఏ ఊళ్లో కూర్చుని చేస్తోందో ఎవరికీ తెలియదు. రోగుల గుట్టు బయటికి పోతుందని, ఒక ఊరి టైపిస్టులు ఇంకో ఊరివాళ్లతో మాట్లాడకూడదని కంపెనీ కట్టడి చేసింది. అమెరికాలో ఎవరికి మూలశంక ఉందో తెలిస్తే అమలాపురం వాళ్లు ఏం చేసుకుంటారో కంపెనీకే తెలియాలి.

ఎలీసమ్మ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది. మంచు కురిసే ఊరి నుంచి ఒక డాక్టరు నిద్రమత్తు గొంతుతో ఎవరో ముసలాయన మోకాలి గురించి చెబుతున్నాడు. అద్దం అవతల కొబ్బరి మట్టలు చప్పుడు లేకుండా ఊగుతున్నాయి. ఆ గొంతు వింటుంటే ఆవిడకి ఎప్పుడూ కళ్లు సగం మూతపడతాయి. ఆ సగంలోనే లిల్లీ కనబడుతుంది. సన్నగా, చామనచాయగా, గోధుమరంగు చుడీదార్లో, వీపు వంచి కూర్చుని వింటూ ఉంటుంది. మెడ నొప్పెడుతుందమ్మా, కాస్త వెనక్కి జారబడు అని ఎలీసమ్మ మనసులోనే చెబుతుంది. లిల్లీ జారబడుతుంది.

పక్కసీటు సత్యశ్రీ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇంకా తప్పులు చేస్తోందని చెప్పేయండి అక్కా. ఎవరు చూడొచ్చేరు?"

"చెయ్యట్లేదే."

"మొదట్లో చేసింది కదండి. డాక్టరు దగ్గితే అదీ ఓ మాటేననుకుని టైపు కొట్టేసింది."

ఎలీసమ్మ నవ్వేసింది. "కొత్తలో కంగారు. ఒకసారి దిద్దితే మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు. నువ్వైతే నిన్న దిద్దింది ఇవాళ కూడా చేస్తావు."

"ఆయ్, చేస్తానండి. నా సంగతి కాదు ఇప్పుడు. మీ ఇంట్లో జీతం తెచ్చేది మీరొక్కరే. మీవారు సాలమోను గారు మంచం దిగి నడుస్తున్నారా?"

"ఇంకా లేదు."

"మరి?"

"ఆ పిల్ల క్రిస్మస్ నాడు కూడా పని పంపింది సత్యా. సెలవడగడానికి భయం కాబోలు పాపం. ఆ పిల్ల ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నారో మనకేం తెలుసు?"

సత్యశ్రీ కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఇలాంటి మనిషికి చెప్పి లాభం లేదని దాని బాధ.

భోజనాల వేళ ఎలీసమ్మ డబ్బా విప్పకుండానే కిందికి దిగింది. రోడ్డంతా ఎండలో సోలిపోయి ఉంది. కాలవ నీళ్లు కదులుతున్నాయో లేదో తెలియడం లేదు. ఆవిడకి భయం వేసింది. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? 'లేదండి' అని ఒక్క మాట అంటే చాలు. నడుస్తూనే ఆ మాట అనుకుని చూసుకుంది. వెంటనే ఎక్కడో ఒక మేడ మీద లిల్లీ హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. చెప్పులు వేసుకుంది. తనేం తప్పు చేసిందో తెలియక, ఎవరినీ అడగలేక, మెట్లు దిగి వెళ్లిపోతోంది.

ఎలీసమ్మ కాలవగట్టు మీదే ఆగిపోయింది. కాసేపటికి పైటతో మొహం తుడుచుకుని, మిఠాయి కొట్టుకెళ్లి పూతరేకుల పొట్లం కట్టించుకుంది.

మూడింటికి సుధీర్ వచ్చాడు. కుర్రాడే, మర్యాదస్తుడు. ఎలీసమ్మ గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు కూడా.

"చెప్పండి మేడమ్. లిల్లీని ఒక్కదాన్నే వదిలెయ్యచ్చా?"

"ఆయ్. చేసుకోగలదండి. ఈమధ్య నాకంటే బాగా వింటోంది."

"ఆలోచించుకునే చెబుతున్నారా? ఈ మాటతో మీ పని..."

"తెలుసండి. ఎప్పుడైనా తప్పొస్తే మాత్రం కోప్పడకండి. నిదానంగా చెబితే వినే పిల్ల." పొట్లం బల్లమీద పెట్టింది. "ఆత్రేయపురం పూతరేకులండి. ఆ పిల్ల ఎక్కడుంటుందో నాకు తెలీదు. మీరే అందించండి. ఎలీసమ్మక్క ఇచ్చిందని చెప్పండి."

సుధీర్ ఒకసారి ప్రభాకరరావు వైపు చూశాడు. ప్రభాకరరావు గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

"తప్పకుండా మేడమ్," అన్నాడు సుధీర్.

ఎలీసమ్మ దణ్ణం పెట్టి బయటికొచ్చింది. ఏడుపొస్తోంది, గుండె మాత్రం తేలిగ్గా ఉంది. ఎక్కడో లిల్లీ తలెత్తి నవ్వినట్టే అనిపించింది. ఇన్నేళ్లూ వినడమే పనిగా బతికిన చెవులు కదా, తలుపు పూర్తిగా మూసుకోకముందే లోపలి మాట వాటిలో పడింది.

"లిల్లీ ఒక మనిషని చెబితేనే మనసుపెట్టి నేర్పుతారని మీరన్నది నిజమే ప్రభాకరరావు గారూ," పూతరేకు నోట్లో వేసుకుంటూ అంటున్నాడు సుధీర్, "ఏడాది తిరక్కుండా మన సాఫ్ట్‌వేర్ ఆవిడ పనంతా నేర్చేసుకుంది."