చెవిలో చెప్పిన మాటలు

"ఇంకో మెట్టు ఎక్కావంటే ఊరుకోను!" అన్నాడు ఎలాదియో, గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి.

మంత్రసాని విసితా కింది మెట్టు మీదే ఆగింది. లోపల అతని పెళ్లాం నూబియా నొప్పులతో మెలికలు తిరుగుతోంది.

"తప్పుకోరా. పొద్దుటి నుంచీ అవస్థ పడుతోంది పిల్ల."

"నా చెవిలో ఊదిన దరిద్రపు మాటలే నా బిడ్డకీ ఊదుతావా?"

ఆ ఏటి ఒడ్డున బిడ్డ భూమ్మీద పడగానే మంత్రసాని దాని చెవిలో నాలుగు మంచి మాటలు చెప్పాలని ఆచారం. అందరికీ విసితాయే చెప్పింది. పడవలు కట్టేసి జనం పోగయ్యారు. వాళ్లలో ఎలాదియో కవల అన్న తెయోఫిలో కూడా ఉన్నాడు.

"బడి పంతులు చెప్పాడు," అన్నాడు ఎలాదియో అందరికీ వినిపించేలా. "సుఖసంతోషాలను మన స్పానిష్‌లో 'దిచా' అంటామే, అది 'చెప్పినది' అన్న మాటలోంచి పుట్టిందట. పుట్టగానే ఏం చెబితే అదే రాతని పాతకాలం వాళ్ల నమ్మకమట. దీవెనకీ శాపానికీ మనం వాడే మాటలు దాని చుట్టాలేనట. మా అన్నకి మోటారు పడవ, రెండు కొట్లు. నాకు మునిగిన పడవలు రెండు. ఒకే కడుపున, ఒకే పూట పుట్టాం!"

"పరువు తియ్యకురా," అన్నాడు తెయోఫిలో.

"నీకేం, చెవి నిండా దీవెనలు పోయించుకున్నావ్!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"శాపమో గీపమో, ముందు ఆవిణ్ణి లోపలికి రానియ్యి!" నూబియా అరిచింది.

విసితా తల దించుకుంది.

"చూశారా, సిగ్గుతో చస్తోంది! చెప్పు ముసలీ, వాడికేం చెప్పావ్?"

"ఏమీ చెప్పలేదు."

"ఆఁ?"

"వాడి మొహమైనా చూడలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది." తెయోఫిలో వైపు కన్నెత్తకుండా అంది. "వాడు వస్తూనే ఏడ్చాడు. వెనక నువ్వొచ్చావ్. నీలంగా, చల్లగా, ఏడుపన్నదే లేకుండా."

ఎలాదియో చేతులు వాటంతటవే దిగిపోయాయి. ఆమె అతన్ని దాటుకుంటూ, మెల్లగా అంది:

"గొంతు పోయేదాకా నీ చెవిలోనే చెప్పాను నాయనా. నాకు వచ్చిన మంచి మాటలన్నీ నిన్ను ఏడిపించడానికే అయిపోయాయి."