వాపు దిగేదాకా

"ఇవాళే ఆపరేషన్ చేసెయ్యండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను," అంటూ నిజంగానే వంగబోయింది తల్లి. బట్టలు కుట్టి కూతుర్ని పెంచిన మనిషి.

డాక్టరు వెనక్కి జరిగాడు.

"మీ అమ్మాయికి గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బిందమ్మా. గోడంతా వాచి మెత్తబడి ఉంది. ఇప్పుడు ఆ ముక్క తీసి గొట్టం వేస్తే కుట్లు నిలవవు. మందులకి వాపు దిగాలి."

"ఈలోపు పగిలితే?"

"పగలొచ్చు," అన్నాడాయన. అబద్ధం చెప్పడం చేతకాదు.

చిరుగు కనబడితే అప్పటికప్పుడు కుట్టెయ్యడమే ఆమెకు తెలుసు. చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. వేరే ఆస్పత్రికి ఫోన్ చేస్తే, రాగానే చేసేస్తామన్నారు.

నా పూచీ మీద తీసుకెళ్తానని మొండికేసి, స్ట్రెచర్ తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

ఒకావిడ అడ్డంగా నిలబడింది. రోజూ వరండా బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని ప్రశ్నలతో విసిగించే మనిషి. అందరూ 'ఎంక్వయిరీ' అని నవ్వుకునేవారు.

"తీసుకెళ్ళకమ్మా. డాక్టరుగారు ఆగమన్నారుగా."

"తప్పుకో!"

"తప్పుకోను."

"కడుపుకోత అంటే నీకేం తెలుసే?" అంటూ ఒక్క తోపు తోసింది తల్లి.

ఆవిడ కిందపడింది. పడి కూడా స్ట్రెచర్ చక్రం వదల్లేదు.

"అమ్మా, పాపం, ఆవిణ్ణి లేపు. నేనెక్కడికీ రాను," అంది కూతురు నీరసంగా.

తల్లికి చేతులాడలేదు. కోపమంతా కిందపడ్డ మనిషి మీదికే పోయింది.

"మళ్ళీ నా కంటపడకు!"

ఆవిడ లేచి, బట్టలు దులుపుకుని వెళ్ళిపోయింది. తల్లి స్ట్రెచర్‌ని మళ్ళీ వార్డుకే తిప్పింది.

ఆ తర్వాతివి నరకం లాంటి రోజులు. కూతురు దగ్గినా తల్లి లేచి నర్సు కోసం పరుగెత్తేది. ఎట్టకేలకు వాపు దిగింది. ఆపరేషన్ చేశారు.

"కుట్లు నిలిచాయమ్మా," అన్నాడు డాక్టరు.

తల్లి భోరుమంది. ఏడుపు ఆగాక బెంచీ దగ్గరికి పరుగెత్తింది. ఖాళీగా ఉంది.

"ఆవిడేరీ సిస్టర్? క్షమించమని అడగాలి."

"ఆ రోజు నుంచీ రావట్లేదమ్మా. ఎక్కడుంటారో మాకూ తెలీదు."

"ఇక్కడ ఎవరి కోసం ఉండేవారు?"

నర్సు ఆ ఖాళీ బెంచీ వైపు చూసింది.

"ఎవరూ లేరమ్మా. ఒక్క కూతురుండేది, ఇదే జబ్బు. డాక్టరుగారు ఆగమన్నా ఆగలేక, ఆవిడే వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు."