పుర్రె బొమ్మ డబ్బా

"మామయ్యా! ఉమ్మేయండి! ముందు ఉమ్మేయండి!"

కోడలు అరిచిన అరుపుకి మామగారు ఉలిక్కిపడి, ఉమ్మాల్సింది కాస్తా గుటుక్కున మింగేశారు. ఆయన కుడిచేతిలో చెంచా. ఎడమచేతిలో డబ్బా. డబ్బా మీద ఎర్రరంగుతో గీసిన పుర్రె బొమ్మ.

ఇంటి వెనక గదే కోడలి స్టూడియో. మట్టి కప్పులూ కూజాలూ అన్నీ అక్కడే చేస్తుంది. ఆ సమయానికి కుమ్మరి సారె మీద కూజాకి మెడ లాగుతోంది. ఉన్నపళంగా లేచేసరికి కూజా కాస్తా వంకరపోయి కూలబడింది. ఇప్పుడు కూజా ఎవరిక్కావాలి!

"అది కప్పుల పూతలో కలిపే పొడి మామయ్యా! సీసం! ఎవరూ ముట్టుకోకూడదనే కదా పుర్రె గీసి పై అరలో పెట్టాను! ఎంత తిన్నారు?"

"ఒక్క చెంచానేనమ్మా. నిండుగా కూడా కాదు."

"రుచి ఎలా ఉంది?"

ఆయన గుమ్మం వైపు చూశారు. అరుపులు విని అత్తగారు పరిగెత్తుకొచ్చి అక్కడ నిలబడ్డారు.

"చెప్పండి మామయ్యా!"

"తియ్యగా..." అన్నారు వినీ వినపడకుండా.

కోడలు డబ్బా లాక్కుంది. సీసం తియ్యగా ఉంటుంది, జాగ్రత్త అని పని నేర్పిన మాస్టారు వందసార్లు చెప్పాడు. ఆయన ఇచ్చిన డబ్బానే అది. వాడదు, ఎక్కడ పారేయాలో తెలియదు. రేపు కనుక్కుందాం, ఎల్లుండి కనుక్కుందాం అంటూ అలాగే ఉంచేసింది. చేతులారా మామగారి ప్రాణం మీదికి తెచ్చానని గుండెలు బాదుకుంది.

అత్తగారు ఘొల్లుమన్నారు. "ఇదంతా నా వల్లే! ఇద్దరికీ షుగరే, రెండేళ్లుగా నేనొక్క పంచదార పలుకు ముట్టలేదు, నన్ను చూసి నేర్చుకోండని మనిషిని కాల్చుకు తిన్నాను. ఇంట్లో తీపన్నదే లేకుండా చేశాను. నోరు కట్టుకోలేక తెల్లగా కనపడిందల్లా తినేశారు!"

"ఊరుకోవే. నాకేం కాలేదు. బాగానే ఉన్నాను."

"మొదట్లో అందరూ బాగానే ఉంటారు!" అంటూ కోడలు మట్టిచేతులతోనే డాక్టరుకి ఫోన్ చేసింది.

"వెంటనే తీసుకురండి," అన్నాడాయన. "తిన్నది సీసమేనా? అందులో ఇంకేమన్నా కలిసిందా? తెలిస్తే మందు సిద్ధంగా ఉంచుతాను."

బండికి ఫోన్ చేస్తే డ్రైవరు అయిదు నిమిషాలన్నాడు. మామగారి చెయ్యి పట్టుకుని అత్తగారు ఒకటే ఏడుపు. "మీరు బతికి బట్టకడితే చాలు. ఈ జన్మలో మిమ్మల్ని ఇంకొక్క మాట అననండీ!"

"నిజంగానా?" అన్నారు మామగారు, కాస్త ప్రాణం లేచొచ్చినట్టు.

ఏ పొడి ఏమిటో అనుమానం వచ్చినప్పుడు కోడలు చేసే పని ఒకటుంది. విరిగిన పెంకు మీద చిటికెడు వేసి మంట పట్టి చూస్తుంది. సీసమైతే పసుప్పచ్చగా తిరిగి, కరిగి, గాజులా మెరుస్తుంది. గబగబా పెంకు వెతికింది.

"అదెందుకమ్మా ఇప్పుడు?" మామగారు కంగారుగా లేచారు. "ఆస్పత్రికే పోదాం పద."

"కూర్చోండి మామయ్యా!"

మంట తగలగానే పొడి పసుప్పచ్చగా తిరగలేదు. బుడబుడమని పొంగింది, ఎర్రబడింది, ఆ తర్వాత నల్లగా మాడింది. గదంతా కమ్మటి వాసన. కోడలు పెంకు దగ్గర ముక్కు పెట్టి చూసింది. డబ్బాలోనూ ముక్కు పెట్టి చూసింది.

"మామయ్యా... ఇది పంచదార పొడి!"

మట్టి బస్తా మీద కూలబడిపోయి నవ్వింది. నవ్వుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. కొండంత బరువు దిగిపోయింది. డాక్టరుకి సంగతి చెబితే ఆయనా పడీ పడీ నవ్వి, రేపు పొద్దున్నే షుగర్ పరీక్షకి రమ్మన్నాడు.

"మనిషి దక్కాడు, అదే పదివేలు," అని కళ్లు తుడుచుకున్న అత్తగారు మరుక్షణమే కళ్లెర్రజేశారు. "ఇంత నాటకమా! నన్ను చంపేశారు కదండీ!"

"ఒక్క మాట అననన్నావు," అని గుర్తుచేశారు మామగారు. "నీకు దొరికిపోవడం కంటే ఆస్పత్రి మంచమే నయమనుకున్నానే."

కోడలు గభాలున లేచింది. "మరి డబ్బాలో ఉన్న నా పొడి ఎక్కడ పోశారు?"

"అయ్యో, నీ డబ్బా నేను ముట్టలేదమ్మా! ఇది నాది. నీ బొమ్మ చూసి నేనే గీసుకున్నాను. పుర్రె ఉంటే మీ అత్తయ్య ఆ ఛాయలకే రాదు కదా అని."

కోడలు స్టూలెక్కి పై అరలోకి తొంగిచూసింది. మాస్టారిచ్చిన డబ్బా మైనం ముద్ర కూడా చెదరకుండా మూలన భద్రంగా ఉంది. హమ్మయ్య! పోనీలే, రేపే దాని సంగతి తేల్చేయాలి అనుకుంది.

దిగబోతూ ఆగింది. దాని వెనక మూడో డబ్బా ఒకటుంది. దాని మీదా పుర్రే. కోడలు గీసిన పుర్రెకి పళ్లే లేవు, ఈ పుర్రెకి మాత్రం ముచ్చటగా కనురెప్పలు కూడా ఉన్నాయి. మూత చుట్టూ చీమలు బారులు తీరాయి.

కోడలు దాని మీద చెయ్యి వేసిందో లేదో, కింద నుంచి కెవ్వుమని కేక.

"దాన్ని ముట్టుకోకమ్మా!" అన్నారు అత్తగారు. "అది నిజంగా విషం!"